దొరసాని గుడ్లకు కాళ్ళ పౌడర్

పోస్ట్‌మ్యాన్‌కి బల్లులంటే భయమేమీ లేదు, ఒట్టి అసహ్యం. అందుకే మరదలు ఓ థర్మోకోల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుని, "బావా, ఇందులో బల్లి గుడ్లున్నాయి, నేనొచ్చేదాకా చూసుకుంటావా?" అనగానే తాగుతున్న టీ ముక్కులోంచి బయటికొచ్చింది.

మరదలు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వేరే ఊళ్ళో ఏదో పెద్ద భవనానికి లిఫ్టులు బిగించే పని తగిలింది. వెళ్తే నెల పైమాటే. ఆమె ముచ్చటగా పెంచుకున్న చిరుత బల్లి ఈ గుడ్లు పెట్టి, ఆ నీరసంలోంచి తేరుకోలేక చచ్చిపోయింది. పసుపుపచ్చ ఒంటిమీద నల్లచుక్కలు, బలిసిన తోక, ఎవర్నీ లెక్కచేయని చూపు. దాని పేరు దొరసాని. దొరసాని పోయినందుకు మరదలు ఏడవలేదు. కాలి మీద పెద్ద రెంచీ పడినా ఒక బూతు మాట అనేసి పని చూసుకునే మనిషి ఆమె. కానీ పెట్టె మూత మీంచి చెయ్యి తియ్యకుండా మాట్లాడుతుంటే లోపలి దిగులు అక్క కనిపెట్టేసింది.

"పెట్టేసి వెళ్ళవే. మీ బావ చూస్తారు."

"నేనా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"మీరే. నాకు మందుల షాపులో పొద్దస్తమానం నిలబడ్డమే సరిపోతుంది. మీరు మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి కాళ్ళు గోక్కుంటూ కూర్చుంటారుగా!"

అది నిజమే. రోజంతా బూట్లలో నాని నాని అతని కాలివేళ్ళ సందుల్లో ఫంగస్ కాపురం పెట్టి చాలాకాలమైంది.

"గుడ్లు కదపకు, తిప్పకు. ఈ పెన్సిల్ గుర్తు పైకే ఉండాలి. వేడి సంగతి ఈ వైరు చూసుకుంటుంది. నువ్వు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. నీకు అలవాటేగా," అని చెప్పి మరదలు బస్సెక్కింది.

ఏమీ చెయ్యకుండా ఉండడం ఎంత కష్టమో పోస్ట్‌మ్యాన్‌కి అప్పుడే తెలిసొచ్చింది. కుండీల్లో కలిపే తడి గుల్లమట్టిలో సగం మునిగి నాలుగు తెల్లటి గుడ్లు. రోజూ మూత తీసి చూడగా చూడగా జాలి పుట్టింది. పాపం, దాహమేస్తుందేమో అనిపించింది. ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు కొట్టే సీసా తెచ్చి పొద్దునా సాయంత్రం గుడ్ల మీద చల్లడం మొదలెట్టాడు. మూత లోపలి నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా గుడ్ల మీదే కారుతుంటే, చల్లగా ఉంటుందిలే అని సంతోషించాడు.

ఒక పొద్దున మూత తీసి కేకేశాడు. "ఇలా రా! గుడ్డుకి గడ్డమొచ్చింది!"

భార్య నోట్లో టూత్‌బ్రష్‌తోనే వచ్చి వంగి చూసింది. ఉమ్మేసి వచ్చి మళ్ళీ చూసింది. "గడ్డం కాదు, బూజు. మీ వేళ్ళ మధ్య ఉన్నదాని చుట్టమే. నీళ్ళు కొట్టారా?"

"ఏదో కాస్త..."

"ఎన్నిసార్లు?"

"రెండు పూటలా."

ఖర్మ కాలి సరిగ్గా అప్పుడే మరదలి వీడియో కాల్. "ఎలా ఉన్నాయి బావా?"

"బ్రహ్మాండం! ముత్యాల్లా ఉన్నాయి!"

"ఏదీ, చూపించు."

"ఫోన్‌లో కెమెరా పాడైందమ్మాయ్."

"మరి నీ మొహమెలా కనపడుతోంది?"

పోస్ట్‌మ్యాన్ టక్కున కాల్ కట్ చేశాడు. వెంటనే మెసేజ్: 'వాటికేదన్నా అయితే నిన్ను లిఫ్టు గుంతలో పాతిపెడతా.'

దాపరికం వల్ల ఒరిగేదేమీ లేదని భార్యే తిరిగి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతల మరదలు తిట్టలేదు. దాంతో పోస్ట్‌మ్యాన్‌కి చెమటలు పట్టాయి.

"ముందు ఆ గడ్డం గుడ్డు వాసన చూడు బావా."

చూశాడు. ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.

"పచ్చబడి లోపలికి సొట్టపోయిందా? అయితే అందులో ముందునుంచీ ఏమీ లేనట్టే. బూజు చచ్చినదాన్ని పట్టుకుని పక్కింటికి పాకుతుంది. తీసి పారెయ్. మిగతావాటి పక్కన టార్చి పెట్టు. తిప్పకుండా!"

టార్చి వెలుగులో గుడ్డు లోపల ఎర్రటి సన్న నరాలు, ఊరి సందుల్లా అటూ ఇటూ చీలిపోయి కనిపించాయి. ఆ సందుల మధ్య ఏదో మెదిలింది.

"పైన మచ్చలుంటే పొడి ఇయర్‌బడ్‌తో మెల్లిగా తుడు. తర్వాత ఫంగస్ పౌడర్ పలచగా అద్దు. అదే, కాళ్ళకి రాస్తారే, అది."

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

డబ్బా అడుగున పౌడర్ కాస్తే ఉంది. మందుల షాపులో కొత్త స్టాకు ఇంకా రాలేదు. "తేల్చుకోండి, మీ కాళ్ళా, దొరసాని పిల్లలా?" అంది భార్య. పోస్ట్‌మ్యాన్ డబ్బా వంక ఆశగా చూసి, నిట్టూర్చి, ఆమె పాత మేకప్ బ్రష్ అడిగి తీసుకున్నాడు.

ఆ తర్వాత రోజూ మూత లోపలి తడి తుడవడం, కాసేపు గాలి ఆడనివ్వడం, గుల్లమట్టి మరీ ఎండితే ఓ మూల నాలుగు చుక్కలు వెయ్యడం. నీళ్ళ సీసా భార్య హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. బూజు వెనక్కి తగ్గింది. ఆ కసి అంతా అతని కాళ్ళ మీద తీర్చుకుంది. ఉత్తరాలు పంచుతూ కనపడ్డ గేటుకల్లా బూటు రాసుకుంటుంటే, మేడ మీంచి ఓ ముసలావిడ, "ఈ వయసులో డాన్సు నేర్చుకుంటున్నావా నాయనా?" అనడిగింది.

ఇంత చేసినా ఇంకో గుడ్డు సొట్టపోయింది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి చేతులు రాక, పూలకుండీలో గుంత తీసి పెట్టాడు. భార్య కిటికీలోంచి చూసి కూడా ఒక్క చురక వెయ్యలేదు.

పని ముగించుకుని వచ్చిన మరదలు బూట్లైనా విప్పకుండా పెట్టె దగ్గరికెళ్ళింది. మిగిలిన రెండు గుడ్ల వంక చాలాసేపు చూసింది.

"రెండోది నా నీళ్ళవల్లే పోయుంటుందమ్మాయ్," అన్నాడు పోస్ట్‌మ్యాన్ తల వంచుకుని.

"పోయినసారి నేను దగ్గరుండి చూసుకుంటే అన్నీ పోయాయి బావా. నేనూ నీళ్ళే కొట్టా."

"మరి నన్ను పాతిపెడతానన్నావ్?"

"ఎవర్నో ఒకర్ని పాతాలిగా."

మరో వారంలో, ఆదివారం మధ్యాహ్నం, ఒక గుడ్డు మీద చెమటలా నీటి బిందువులు పుట్టాయి. తోలు సన్నగా చీలి చిన్న ముక్కు బయటపడింది. కాసేపటికి నలుపూ పసుపూ పట్టీలతో వేలెడంత బల్లిపిల్ల ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చింది. పోస్ట్‌మ్యాన్ మురిసిపోయి వేలు చాపాడు. అది ఒంటికి మించిన నోరు తెరిచి కీచుమని అరిచింది. అంతకన్నా గట్టిగా అరిచి అతను సోఫా ఎక్కేశాడు.

మరదలు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడవడం మొదలెట్టింది. ఇన్నాళ్ళూ రాని ఏడుపంతా ఒక్కసారే వచ్చినట్టుంది, ఎంతకీ ఆగలేదు. అక్క దగ్గరికి తీసుకుని వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఏడ్చే ఆడవాళ్ళకి ఏం చెప్పాలో పోస్ట్‌మ్యాన్‌కి ఏనాడూ తెలీదు. సోఫా మీద నిలబడే అడిగాడు. "దీనికి ఆకలేస్తుందేమో అమ్మాయ్. ఏం తింటుంది?"

"పురుగులు," అంది మరదలు ముక్కు చీదుతూ.

"బతికున్నవా?"

"బతికున్నవే. కానీ ఇవాళ తినదు బావా, ముందు కుబుసం విడవాలి."

అప్పటికే అతను సోఫా దిగి, దానికి దూరంగా గోడవారగా నడిచి, పురుగులు పట్టడానికి ఓ ఖాళీ డబ్బా పక్కన పెట్టుకుని, బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.