మిరప పొగ

పడవల ఆసామి హరిపద సర్దార్ తెచ్చిన సంచిలో ఎండుమిరపకాయలు, కొబ్బరినూనె సీసా, ఆకులో చుట్టిన చేప ముక్కలు ఉన్నాయి. సంచి గుడిసె గుమ్మంలో పెట్టి, కరకట్ట మీద గొంతుక్కూర్చుని కాసేపు నదికేసి చూశాడు. చూసేవాళ్లకి పలకరించడానికి వచ్చిన పెద్దమనిషిలాగే ఉన్నాడు.

అలకా ఏడవలేదు. ఏడవొద్దని అతను పొద్దున్నే కబురు పంపాడు.

పొద్దుటి పోటుతో పడవ తిరిగొచ్చినప్పుడు అందులో కాశెం ఒక్కడే ఉన్నాడు. అలకా మొగుడు నిమాయి తువ్వాలు మాత్రం అతని మెడలో ఉంది. లోపలి పాయలో నిమాయి వంగి పీతల తాడు లాగుతున్నాడట. బురదలోంచి పెద్దాయన లేచిందట. ఆ దీవిలో పులిని పులి అనరు. కాశెం తెడ్డుతో నీళ్లు బాదాడు, గొంతు పోయేలా అరిచాడు. చెట్ల వేళ్ల మధ్య తువ్వాలు దొరికింది, మనిషి దొరకలేదు. ఈ మాటలు చెప్పేటప్పుడు అతను అలకా మొహం చూడలేకపోయాడు. తువ్వాలు ఇవ్వడం కూడా మర్చిపోయి, తన గుడిసె దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి ఇచ్చాడు.

"వదినా, ఎవరికీ చెప్పొద్దన్నాడు బాబు," అని మాత్రం అన్నాడు.

ఆ బాబే ఇప్పుడు గుమ్మంలో ఉన్నాడు.

"కాస్త తల దువ్వుకోమ్మా," అన్నాడు మెత్తగా. "నూనె రాసుకో. మిరపకాయలు దండిగా వేసి చేపలు వేపు. ఘాటు నాలుగిళ్లకీ తగలాలి."

మొగుడు పోయిన రోజున చేపల వేపుడు చెయ్యమనే మనిషిని అలకా ఇంతకు ముందు చూడలేదు. ఆ మాటకొస్తే, వంట సంగతి ఇంత శ్రద్ధగా పట్టించుకునే మగవాణ్నీ చూడలేదు.

అతను ఎందుకు చెబుతున్నాడో ఆమెకి తెలుసు. మగవాడు అడవిలో ఉన్నన్నాళ్లూ అక్కడి ఆడవాళ్లు తల దువ్వరు, సబ్బు ముట్టరు, తలుపు గడియ వెయ్యరు. మిరపకాయని పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఇక్కడ ఘాటు లేస్తే అక్కడ అడవికి కళ్లు మండుతాయని భయం. అతను క్షేమంగా వచ్చిన రోజున మొదట చేసే పని మూకుట్లో మిరపకాయలు వెయ్యడమే. ఏ ఇంట్లోంచి దగ్గు వినిపిస్తే ఆ ఇంటాయన వచ్చినట్టు. మంచి జరిగితే అడవిని కాచే బొనబీబీ అమ్మ చలవ. చెడు జరిగితే మాత్రం పెళ్లాం తల దువ్విందేమోనని ఆరా తీస్తారు.

కాబట్టి నిమాయి వచ్చాడు. వేపుడు తిన్నాడు. కూలి పనికి కేరళ వెళ్లాడు. సర్దార్ కట్టిన కథ అది.

"అందరూ వెళ్తున్నారు కదమ్మా. రోజుకి తొమ్మిది వందలంట. నిమాయి వెళ్లకూడదా?"

"తిరిగెప్పుడొస్తాడు బాబూ?"

"రాడు. కొన్నాళ్లకి అక్కడే ఇంకోదాన్ని కట్టుకున్నాడనుకుంటారు. ఆ తర్వాత అడగడం మానేస్తారు."

"మరి నా గాజులు?"

సర్దార్ ఆమె చేతుల శంఖు గాజులకేసి నొచ్చుకున్నట్టు చూశాడు. "బొట్టూ గాజులతో ఉండమంటే దానికీ బాధేనా?"

తర్వాత అతను ఓపిగ్గా లెక్క చెప్పాడు. అది ఎవరూ పోకూడని పాయ. అనుమతి కాగితం లేదు. పీతలు గుడ్లు పెట్టే నెలలు కూడాను. సంగతి బయటపడితే పడవ పట్టుకుపోతారు, కాశెం మీద కేసు పెడతారు. నిషేధం ఉన్నచోట పోయిన మనిషికి సర్కారు పైసా ఇవ్వదు. నోరు విప్పి ఏం బావుకుంటావని అడిగాడు. ఆ పాయకి ఎవరు పంపారన్న విషయం ఆ లెక్కలో ఎక్కడా రాలేదు.

గుడ్లున్న ఆడపీత ఆ నెలల్లో కిలో పద్దెనిమిది వందలు పలుకుతుంది. పట్టినవాడి చేతికి నాలుగు వందలొస్తాయి. పాతకాలం వాళ్లు ఆ పాయ జోలికి పోయేవాళ్లు కాదు. పీతలూ జింకలూ పిల్లల తల్లులైన పులులూ అన్నీ అక్కడే తలదాచుకుంటాయని దాన్ని వాటికి వదిలేశారు. దాని మొదట్లో సర్కారు ఇప్పుడు అభయారణ్యమని బోర్డు పాతింది. సర్దార్ పడవలు ఆ బోర్డుకే తాడు కట్టి ఆగుతాయి.

"మీ ఊరు సోనాచర నీళ్లలో కలిసిపోయినప్పుడు మీకు ఈ కట్ట మీద చోటిచ్చింది ఎవరమ్మా?" అన్నాడు సర్దార్.

"మీరే బాబూ."

అది బడిలో ప్రార్థన లాంటిది. అతను అడగాలి, వాళ్లు చెప్పాలి. కట్ట సర్కారుదని అందరికీ తెలుసు. కాకపోతే సర్కారు ఎన్నడూ వచ్చి చోటిచ్చానని చెప్పుకోలేదు. అతను మాత్రం వచ్చాడు, దానికి బదులుగా మగవాళ్లని తన పడవలెక్కించుకున్నాడు.

లేస్తూ, ఆటు మొదలవగానే కాశెం మళ్లీ వెళ్తాడని చెప్పాడు. తాళ్లూ బుట్టలూ పాయలోనే ఉండిపోయాయట. అడవి గార్డులు చూడకముందే తెచ్చెయ్యాలట.

"ఒక్కడేనా?"

"ఒక్కడైతే చప్పుడుండదు. ఘాటు మర్చిపోకమ్మా."

అతను వెళ్లాక అలకా మొగుడి తువ్వాలు మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది. పెద్దాయన మీద ఆమెకి కోపం రాలేదు. ఊరు మునిగి తాము ఈ కట్ట పట్టుకుని వేలాడుతున్నట్టే అది ఆ పాయ పట్టుకుని ఉంది. దాని గుమ్మంలోకి తామే వెళ్లారు. వెళ్లమన్న మనిషి మాత్రం తెల్లచొక్కా నలక్కుండా తిరుగుతున్నాడు. ఇంతకీ నిమాయికి పిండం పెట్టడానికి కూడా వీల్లేదు. కేరళలో పని చేసుకుంటున్న మనిషికి పిండం ఎవరు పెడతారు?

ఆటు మొదలై నదిలో నీటి నడక మారింది. కట్ట కింద కాశెం పడవలో తెడ్డు పెడుతున్నాడు. పడవకీ ఒడ్డుకీ మధ్య పలక వేసి ఉంది. సర్దార్ గొడుగు కింద నిలబడి తొందరపెడుతున్నాడు.

అలకా పొయ్యి కట్టెతో చేతుల గాజులు పగలగొట్టుకుంది. చప్పుడు ఆమె అనుకున్నంత పెద్దగా రాలేదు. నుదుటి బొట్టు తువ్వాలుతో తుడుచుకుని, సంచి పట్టుకుని పక్క గుడిసెలోకి వెళ్లింది. అక్కడ కాశెం భార్య సబిరన్ జుట్టు విరబోసుకుని, మొహం గోడకి తిప్పుకుని కూర్చుంది. అలకా బోసి చేతులు చూసి లేచి పట్టుకుంది.

"పొయ్యి అంటించు," అంది అలకా.

"ఎందుకక్కా?"

అలకా సంచి విప్పి చూపించింది. సబిరన్ వెనక్కి జరిగింది.

"నీకు మతిపోయిందా? మా ఆయన అడవికెళ్తుంటే నేను మిరపకాయలు వెయ్యాలా? పాపం నాకు చుట్టుకోదూ?"

"ఇంకా వెళ్లలేదే. ఒడ్డునే ఉన్నాడు. నేను రోజుల తరబడి తల దువ్వలేదు, సబ్బు ముట్టలేదు, చప్పిడి కూడే తిన్నాను. నా పుణ్యం ఆ పాయలో పనిచెయ్యలేదే. నీ పాపమైనా ఈ ఒడ్డున పనిచేస్తుందేమో చూద్దాం."

"సర్దార్ మమ్మల్ని కట్ట మీంచి దింపేస్తాడు."

"నన్నూ దింపేస్తాడు."

సబిరన్ గుమ్మంలోంచి చూసింది. కాశెం పలక మీద ఒక కాలు పెట్టాడు. ఆమె పొయ్యి అంటించింది. మూకుడు పొయ్యి మీదికి ఎక్కించింది. నూనె సరిగ్గా కాగకముందే గుప్పెడు మిరపకాయలు వేసేసింది. మామూలు రోజైతే అలకా తిట్టేది. ఇవాళ ఇంకో గుప్పెడు తను వేసింది.

మాడిన మిరపకాయల పొగ నల్లగా లేచి, తడికెల సందుల్లోంచి బయటికొచ్చి కట్ట దిగి నది మీదికి పోయింది. కాశెం దగ్గాడు. తిరిగి చూశాడు. ఆ పొగ తన ఇంట్లోంచే వస్తోంది. పలక మీద పెట్టిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరది? ఎవరు వేశారు?" సర్దార్ కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

అలకా బయటికొచ్చింది. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి. పొద్దుటినుంచీ ఆపుకున్న ఏడుపుకీ పొగకీ తేడా ఎవరికీ తెలియదు. గుడిసెల ముందు నిలబడ్డ ఆడవాళ్లు ఆమె మొహం చూడలేదు, చేతులు చూశారు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. అయినా చెప్పింది.

"మా ఆయన కేరళ వెళ్లలేదు. లోపలి పాయలో పోయాడు. సర్దార్ బాబు పంపిస్తే వెళ్లి పోయాడు."

సర్దార్ ఏదో అనబోయి దగ్గులో పడ్డాడు. తేరుకుని, కాశెం కాకపోతే ఇంకొకడు వెళ్తాడని, ఈ కట్ట మీద మగవాళ్లకి కరువా అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. చివరి గుడిసెలో ఎవరో పొయ్యి ఊదుతున్న చప్పుడైంది. తర్వాత అక్కడినుంచీ దగ్గు వినిపించింది.

నీళ్లు వెనక్కి పోతున్నాయి. కట్టేసిన పడవ కాసేపు ఊగి, ఒక పక్కకి ఒరిగి బురదలో కూర్చుంది. అవతలి ఒడ్డున అడవి ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది. గుడిసె పీకించడానికి సర్దార్ మనుషులు సాయంత్రమే వస్తారో, రేపొస్తారో తెలియదు.

అలకా సంచిలోకి తొంగి చూసింది. మిగిలిన మిరపకాయలు రేపటి ఆటుకి కూడా సరిపోతాయి.