నూకాలమ్మ నాలుగో చావు

"నీళ్ళు గొంతు దాకా వచ్చినప్పుడు ఆవిడ ఏమనుకుంటుందో కాస్త ఆలోచించి పెట్టుకో సత్యా, పదింటికి బయల్దేరదాం" అన్నారు ప్రసన్నకుమార్, ఇడ్లీ తుంచుతూ. భార్య సత్యశ్రీ సరేనని రెండో ప్లేటు ఇడ్లీ దింపింది. ఆ ఇంట్లో చావు ప్రసక్తి ఫలహారం వేళ రావడం కొత్త కాదు.

ప్రసన్నకుమార్ గారు రాజమహేంద్రవరంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన పండితుడు, తెల్లదొరల కాలాన్ని నవలలుగా మలుస్తున్న మహారచయిత. ఆ మలచడంలో శ్రమవిభజన ఒకటుంది. ఆయన వాలుకుర్చీలో కూర్చుని కథ క్లుప్తంగా సెలవిస్తారు. ఆ క్లుప్తానికి మనుషుల్నీ, మాటల్నీ, ఏడుపునీ తగిలించి మూడువందల పేజీలు చేయడం సత్యశ్రీ పని. దాన్ని ఇంట్లో అందరూ సాఫు ప్రతి తీయడం అనేవారు. అచ్చయిన పుస్తకాన్ని ఆయన ముఖచిత్రం దాకా శ్రద్ధగా చూసుకునేవారు.

మూడు నవలలు వెలువడ్డాయి. మూడింటిలోనూ ఒక దొర, ఆ దొర బంగళాలో ఒక తెలుగు స్త్రీ. ముగింపుకు ఆమె పోవాలి, దొర కన్నీరు కార్చాలి. మూడింటిలోనూ ఆమె పేరు నూకాలమ్మే, ఇంకో పేరు వెతికే తీరిక మహారచయితకు చిక్కలేదు. అయితే చూడనిది రాయకూడదన్నది ఆయన సిద్ధాంతం. మొదటి నూకాలమ్మ కలరాతో పోయింది. పెదవులు ఎలా పగులుతాయో తెలియాలని సత్యశ్రీ ఒకటిన్నర రోజు మంచినీళ్ళు ముట్టలేదు. రెండో నూకాలమ్మను పాము కరిచింది. ఆయన సత్యశ్రీ పిక్కకు నులకతాడు బిగించి, గడియారం చూస్తూ, మొద్దుబారుతున్న పాదం గురించి ప్రశ్నలడిగారు. వారంపాటు ఆమె కుంటుతూనే వంట చేసింది. మూడో నూకాలమ్మ బంగళా వంటింట్లో తగలబడింది. "రెండే రెండు సెకన్లు" అంటూ ఆయన ఆమె మణికట్టును స్టవ్ మంట దగ్గరికి తీసుకెళ్ళారు, లెక్కపెట్టడంలో మాత్రం కొంచెం నిదానించారు. ఆ అధ్యాయానికి పురస్కారం వచ్చింది. స్త్రీ హృదయపు లోతు కొలిచిన కలమని సభలో పొగిడారు. శాలువాలూ జ్ఞాపికలూ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తుంటే అత్తగారు రత్నమాణిక్యం, "మావాడు అంత ఎత్తుకెదిగాడంటే పక్కన నువ్వు నోరెత్తకుండా ఉండబట్టేనే" అని మెచ్చుకుంది. ప్రతిసారీ పరిశోధన ఒక అంగుళం ముందుకు జరుగుతోందని సత్యశ్రీ గమనించింది. ఆ దారి ఎక్కడ ఆగుతుందో ఊహించడానికి మహారచయిత కానక్కర్లేదు.

నాలుగో నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. కాలువలు తవ్వించే విట్‌మోర్ దొర ఇంగ్లండు ఓడెక్కుతాడు, గర్భవతి అయిన నూకాలమ్మ కాలువ నీళ్ళను ఆపే లాకులో దూకుతుంది.

లాకు దగ్గర కారాపి ఆయన గొడుగు విప్పుకుని గట్టు మీద నిలబడ్డారు. సత్యశ్రీకి ఈత రాదు. చీర కుచ్చిళ్ళు ఎత్తుకోబోతే ఆయన వారించారు, నూకాలమ్మకు కుచ్చిళ్ళు ఎత్తుకునే ఉద్దేశం ఉండదట. రెండు మెట్లు దిగింది. నాచు పాదాల కింద మెత్తగా కదిలింది. కాలువ పని చూసే లస్కరు అమ్మిరాజు పైనుంచి పరుగున వచ్చాడు.

"అక్కడ దిగకండమ్మా. లాకు తలుపు ఎత్తుతున్నాం, నీళ్ళు లాగేస్తాయి."

"ఏం కాదులేవయ్యా. ఇది సాహిత్యం" అన్నారు ప్రసన్నకుమార్.

"సాహిత్యమైనా లాగేస్తాయండి" అన్నాడు అమ్మిరాజు.

మూడో మెట్టు మీద నీళ్ళు మోకాళ్ళు దాటాయి. తడిసిన చీర ఎవరో పట్టుకున్నట్టు కిందికి గుంజుతోంది. ఆమె తలెత్తి చూసింది. ఆయన చెయ్యి అందించడం లేదు. ఆ చేతిలో ఫోన్ ఉంది, వీడియో తీస్తోంది. "ఇంకొక్క మెట్టు సత్యా. భయపడు, కానీ అరవకు. నూకాలమ్మ అరవదు." పదకొండేళ్ళుగా ఆ గొంతు చెప్పింది వింటూ వచ్చిన ఆమెకు అందులో ద్వేషం ఎక్కడా వినిపించలేదు. వినిపించి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది. వినిపించింది ఓపిక మాత్రమే, మంచి వాక్యం కోసం ఎదురుచూసే మనిషి ఓపిక. తాను కొట్టుకుపోయినా ఆయన బహుశా నిజంగానే ఏడుస్తాడు. ఆ ఏడుపును కూడా ఎవరిచేతనో సాఫు ప్రతి తీయిస్తాడు.

ఆమె వెనక్కి తిరిగి మెట్లెక్కింది. అమ్మిరాజు చెయ్యందించాడు.

"సగం చూసి మొత్తం ఎలా రాస్తావు?" అని ఆయన దారంతా నొచ్చుకున్నారు.

ఇంటికొచ్చి ఆయన భోంచేసి నిద్రపోయారు. సత్యశ్రీ తడిచీర ఆరేసి, కాగితాలు ముందేసుకుని, సాయంత్రం దాకా తల ఎత్తలేదు. ఎప్పటిలాగే పేజీలు ఫోటోలు తీసి పత్రికకు పంపింది. ఆ తర్వాతే కాఫీ ఇచ్చి చదివి వినిపించింది. అధ్యాయంలో నూకాలమ్మ గట్టు మీద నిలబడి ఉంది. తలుపు ఎత్తుతున్నారో లేదో చూద్దామని విట్‌మోర్ దొర బూట్లతోనే మెట్లు దిగుతున్నాడు. మూడో మెట్టు దగ్గర అధ్యాయం ఆగింది.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఇదేంటి? దొర దిగడమేంటి? నేను చెప్పిందేంటి?"

"నూకాలమ్మ చావడం నాకింక రావట్లేదండి. మూడుసార్లు చచ్చింది కదా."

"ముందు పత్రికవాళ్ళకి ఫోన్ చెయ్యి, పంపింది ఆపమను."

"చేశారండి వాళ్ళే. ఎడిటర్ గారికి చాలా నచ్చిందట. దొర మునిగే అధ్యాయం శుక్రవారానికల్లా కావాలన్నారు. మీ పేరు పెద్దక్షరాల్లో వేస్తారట."

పెద్దక్షరాల దగ్గర ఆయన కోపం ఒక్క క్షణం తడబడింది. "సరే, ఏదో ఒకటి. రాసెయ్ మరి."

"ఎలా రాస్తానండి? దొర మునిగేటప్పుడు మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. చూడనిది రాయకూడదని మీరే అంటారు కదా." సత్యశ్రీ కొత్త కాగితం తీసి, పైన అధ్యాయం సంఖ్య వేసింది. "రేపు పొద్దున్నే వెళ్దాం. మెట్లు మీరు దిగండి, నేను గట్టు మీద కూర్చుని రాసుకుంటాను."

ఆయన నవ్వబోయి ఆమె ముఖం చూశారు. ఆమె నవ్వడం లేదు. కలం కాగితానికి ఆనించి, ఒక చిన్న వివరం సరిచూసుకునే రచయిత్రి శ్రద్ధతో అడిగింది.

"మీకు ఈత రాదు కదండీ?"