గుర్వయ్య సాక్ష్యం

రఘుపతి పాఠం చదువుతుంటే ఆ వాడంతా వినపడేది. మా బడిపంతులు గారి కొడుకు. హైదరాబాదులో లా చదువుతున్నాడు. సెలవులకు వస్తే అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ పైకి చదవడం అలవాటు. నేను పొద్దున్నే వాళ్ళింటికి పాలు పోయడానికి పోయేదాన్ని. నాలుగో తరగతి దాకా ఇద్దరం వాళ్ళ నాయన దగ్గరే చదువుకున్నాం. తరువాత నన్ను మా మేనబావ ఐలేశానికిచ్చి చేశారు. ఊరు మారలేదు గానీ చదువు అక్కడితో ఆగింది.

"పొద్దుగాల పొద్దుగాల ఎవర్ని తిడుతున్నవ్ తమ్మీ?" అన్నాను ఒకనాడు.

"తిట్లు కావక్కా, లా మాటలు. మా సార్లు ఇంగ్లీషుల చెప్తరు. తెలుగుల ఒకలకు చెప్పుకుంటే గాని నాకు నిలుస్తలేవు. జర కూసో."

చంకలో నా బిడ్డ ఈదమ్మ ఉంది. ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని దాని మెడ కింద చెయ్యి పెట్టి చూసుకుని, కూర్చున్నాను.

"మీ గొర్రెను ఆముదాల మైసయ్య తోలుకపోయిండనుకో. నువ్వు పోయి కోర్టుల దావా ఏస్తవ్. అప్పుడు నువ్వు వాది. మైసయ్య ప్రతివాది."

"ఆయనెందుకు తోలుకపోతడు? పొద్దుగాల నీ నోటెంట గివేం మాటలు?"

"అనుకోమన్న అక్కా. పాఠం గిది. గొర్రె నీదే అని చూపెట్టే భారం ఎవరి మీద ఉంటది?"

"తీసుకపోయినోని మీద. తనదెట్లయిందో ఆయన చెప్పాలె."

"కాదు. అడిగినోల్ల మీద. నాది అంటున్నది నువ్వు, గాబట్టి నువ్వే రుజువు చెయ్యాలె."

నాకు అన్యాయమనిపించింది. పోగొట్టుకున్నవాళ్ళకే పని చెప్పడం ఏం ధర్మమని అడిగాను. రఘుపతి నవ్వి, పరీక్షలో ఆ మాట రాస్తే సున్నా వేస్తారన్నాడు. ఆ సెలవుల్లో పాలు పోసినప్పుడల్లా ఒక మాట చెప్పేవాడు. వాయిదా, డిక్రీ, అప్పీలు. అన్నిటికీ మా గొర్రెలే, మా మేకలే. ఒకరోజు సాక్ష్యం గురించి చెప్పాడు.

"సాక్ష్యమంటె తెలిసింది చెప్పుడే గదా" అన్నాను.

"ఎక్కడంటె అక్కడ చెప్తె కాదు. కోర్టుల జడ్జి ముంగట నిలబడాలె. ప్రమాణం చెయ్యాలె. అవతలి వకీలు అడిగినదానికి జవాబు చెప్పాలె. వాళ్ళు రాసుకోవాలె. గది సాక్ష్యం. మా అరుగు మీద కూసోని వెయ్యి చెప్పు, గది ముచ్చట."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నోరు చేదుగా ఉంటుంది.

మా ఇంటి వెనక గొర్ల దొడ్డి ఉండేది. మా మామ కాలం నుంచి మంద అక్కడే. చుట్టూ ముళ్ళకంప, మూలన రాళ్ళు పేర్చిన పిల్లల గూడు. రాత్రి పడుకుంటే గొర్లు నెమరేసే చప్పుడు నా మంచం దాకా వినపడేది. కొత్తగా ఈనిన గొర్రె అరిస్తే, నిద్రలో ఉన్న ఈదమ్మను మా ఆయన పక్కకు జరిపి లేచిపోయేవాడు. ఆ దొడ్డి లేకపోతే మందను ఊరికి దూరంగా గుట్ట కింద ఆపాలి. అక్కడ తోడేళ్ళు తిరుగుతాయి. మనిషి రాత్రిళ్ళు అక్కడే ఉండాలి. అంటే ఇంట్లో నేనూ బిడ్డా ఒంటరిగా, అక్కడ ఆయన ఒంటరిగా. నాకు ఆ భయమొక్కటే.

రఘుపతి సెలవులైపోయి హైదరాబాదు వెళ్ళాక, మైసయ్య మా దొడ్డిలో రాళ్ళు దింపించాడు. ఆయనది ఆముదాల వ్యాపారం. ఆ జాగా తాను కొన్నాననీ, గోదాము కట్టుకుంటాననీ అన్నాడు. ఎవరి దగ్గర కొన్నాడంటే, పట్నంలో ఉండే ఎవరిదో పేరు చెప్పాడు. వాళ్ళను మేమెన్నడూ చూడలేదు. కులపెద్దలు కూర్చున్నారు గానీ మైసయ్య వాళ్ళ మాట వినలేదు. చివరకు మా ఆయనా నేనూ కేతేపల్లి దాకా నడిచి, బస్సెక్కి నల్గొండలో వకీలు దగ్గరకు వెళ్ళాం. బిడ్డను విడిచిపెట్టలేక ఎత్తుకునే వెళ్ళాను.

వకీలు అంతా విని ఒక్కటే అడిగాడు.

"మీ ఇంటోల్లు కాకుండ, ఆ జాగల మీ మందే ఉంటుండెనని చెప్పే మనిషి ఉన్నడా?"

"గుర్వయ్య బావ ఉన్నడు సాబ్" అన్నాడు మా ఆయన. "పక్కిల్లే. ఆయన మేకలు గూడ మా దొడ్డిలనే ఉంటయి. చిన్నప్పటి సంది చూసిన మనిషి."

"మంచిది. ఆయనకు కోర్టు నుంచి సమను పంపిద్దాం."

మా ఆయన ముఖం మాడిపోయింది. "సమను వద్దు సాబ్. కోర్టు జవాను ఇంటి ముంగట నిలవడి పేరు పెట్టి పిలిస్తె, ఊరంత ఏమనుకుంటది? ఆయన నా సొంత మనిషి. ఒక్క మాట చెప్తె వస్తడు."

"సమను పిలుపేనయ్యా, జైలు కాదు."

"మా కాడ గట్ల గాదు సాబ్. ఇజ్జత్ పోయిందంటరు."

"నీ ఇష్టం. రాకపోతె నన్ననొద్దు" అన్నాడు వకీలు.

నేను పక్కనే ఉన్నాను. మా ఆయన అన్నదే సరైనదనిపించింది. మా వాడలో జవాను వచ్చిన ఇల్లంటే దొంగతనం జరిగిన ఇల్లు లెక్క. తోడబుట్టినవాడి లాంటి మనిషికి ఆ మర్యాద చేస్తామా? ఇంటికి రాగానే గుర్వయ్యకు చెబితే, "గిదేం పెద్ద పని బావా, కండ్ల జూసింది చెప్పుడే గదా" అని తలపాగా దులిపాడు.

ఇక్కడ గుర్వయ్య కొడుకు సంగతి చెప్పాలి. గుర్వయ్య భార్య బక్కమ్మకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. మూడోవాడు పుట్టగానే, మాలో చేసినట్టే, వాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని చావు వాడి జోలికి రాదని నమ్మకం. ఇంకొకరు వచ్చి వాణ్ణి కొనుక్కోవాలి. నేను చాటెడు తవుడిచ్చి కొని, చంకనెత్తుకుని బక్కమ్మకే పెంచమని ఇచ్చాను. పేరు పెంటయ్య. పుట్టువెంట్రుకలు తీసేదాకా పేరుకు వాడు నా కొడుకే. వాడికి దగ్గొస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

కోర్టులో విచారణ ఉన్న పేషీ దగ్గరపడింది. ఒక సాయంత్రం బక్కమ్మ మా ఇంటికి రాలేదు. మరునాడూ రాలేదు. నేనే పోయాను. పెంటయ్యను ఒళ్ళో పెట్టుకుని చెంబులో నీళ్ళతో కళ్ళు తుడుస్తోంది. తలెత్తలేదు.

"ఏందే బక్కీ, నా మీద అలిగినవా?"

"కోర్టుల ఒట్టు పెట్టిపిస్తరంట గదా వదినె."

"ఎవరు చెప్పిన్రు?"

"అందరు చెప్తున్నరు. బిడ్డల నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాలెనంట. ఇంటాయన పోనంటె పోనంటడు, నేను పోనియ్యనంటె పోనియ్య."

"ఆయన చెప్పేది నిజమే గదనే. అబద్ధమైతె గదా తగిలేది."

"నిజం ఒట్టు గూడ ఒట్టే. ఇద్దర్ని మన్నుల పెట్టినదాన్ని. మూడోసారి పరీక్ష చూడమంటవా?"

ఆమెకేదో చెప్పాలని నోరు తెరిచాను. రఘుపతి 'ప్రమాణం చెయ్యాలె' అన్నాడు. అది ఎట్లా ఉంటుందో, ఎవరి మీద చేస్తారో మాత్రం నేను అడగలేదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడానికి ధైర్యం చాలలేదు. అంతలో బక్కమ్మ పెంటయ్యను ఎత్తి నా ఒళ్ళో పెట్టింది.

"తవుడిచ్చి కొన్నది నువ్వు. గిప్పుడు వీడు నీ కొడుకు. నీ కొడుకు మీద ఒట్టు పెట్టిస్తె పెట్టించు. నన్నడుగకు."

వాడు నా పైట అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. వాణ్ణి తిరిగి ఆమె ఒళ్ళో పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

"ఆడోల్ల భయాలు. బావ మాట ఇచ్చిండు, వస్తడు."

"రాకపోతె?"

"నువ్వు ముందే ఏడ్వకు."

పేషీ నాడు తెల్లవారి గుర్వయ్య ఇంట్లో లేడు. మేత లేదని మేకలను కృష్ణా నది దిక్కు తోలుకుపోయాడని బక్కమ్మ చెప్పింది. చెబుతున్నంతసేపూ తలుపుకు ఆనుకుని, లోపల నిద్రపోతున్న బిడ్డవైపే చూసింది. మా ఆయన ఒక్కడే బస్సెక్కాడు.

ఆయన తిరిగొచ్చి చెప్పింది ఇంతే. ఆయన్ను బోనులో నిలబెట్టి ఏవో మాటలు చెప్పించారు. తనకు తెలిసింది తాను చెప్పాడు. మైసయ్య తరఫు వకీలు లేచి, సొంత లాభం కోసం ఎవరైనా అదే చెబుతారన్నాడు. ఇంకెవరైనా సాక్షి ఉన్నారా అని జడ్జి అడిగాడు. మా వకీలు మరో పేషీ ఇవ్వమన్నాడు. సమను తీయించారా అని జడ్జి అడిగితే, లేదన్నాడు. పిలవని సాక్షి కోసం ఆగడం కుదరదని జడ్జి ఆనాడే వినడం ముగించేశాడు. కొన్నాళ్ళకు దావా కొట్టేశారని కబురొచ్చింది.

మందను గుట్ట కిందికి మార్చాం. మా ఆయన సద్దిమూట, గొంగడి, కర్ర తీసుకుని పొద్దుగూకక ముందే వెళ్ళిపోతాడు. నేను తలుపు గడియ వేసి, దానికి అడ్డంగా రోకలి పెట్టి, ఈదమ్మను నా పొట్టకు ఆనించుకుని పడుకుంటాను. ఇంటి వెనక నెమరేసే చప్పుడు లేదు. ఆముదాల బస్తాలున్నాయి. ఎలుకలు తిరుగుతాయి.

దసరాకు రఘుపతి వచ్చాడు. పాలు పోస్తుంటే దావా సంగతి అడిగాడు. అన్నీ చెప్పాను. ఒట్టు దగ్గరకు వచ్చేసరికి పుస్తకం మూసేశాడు.

"బిడ్డల నెత్తి మీద ఎవరూ చెయ్యి పెట్టియ్యరక్కా. దేవుడు ముంగట ఉన్నడని తలచుకొని నిజమే చెప్త అనాలె. గంతే. ఒట్టు అంటె మనసొప్పనోల్లకు వేరే తీరు గూడ ఉన్నది. జడ్జిని అడిగితె ఆయనే చెప్తడు."

"అడగనీకి మనిషి కోర్టు దాక పోవాలె గద."

"గందుకే సమను. సమనొస్తె పోక తప్పది. కలెక్టరుకు గూడ పంపుతరు సమను. గదేం ఇజ్జత్ తక్కువ పని కాదు."

"అప్పీలు చేస్తె? ఇప్పుడు గుర్వయ్యను తీసుకపోతె?"

రఘుపతి తల అడ్డంగా ఊపాడు. "కింది కోర్టుల రాసుకున్నది చూసే పైకోర్టు చెప్తది. అప్పుడు చెప్పని సాక్షిని ఇప్పుడు తెస్తమంటె, ఎందుకు తేలేదని అడుగుతరు. బలమైన కారణం గావాలె."

"బిడ్డ పాణం మీద భయం కారణం కాదా?"

మాటలు నేర్పినవాడు అతనే. మొన్నటి సెలవులు ఇంకో నాలుగు దినాలుంటే ప్రమాణం గురించి కూడా చెప్పేవాడేమో. నేనైనా అడిగి ఉండాల్సింది. దొడ్డి కాడ పని ఉందని పాలు పోసి లేచి వచ్చేసేదాన్ని.

దీపావళి వెళ్ళాక పెంటయ్య పుట్టువెంట్రుకలు తీశారు. నేను పోకపోతే కుదరదు. కొన్నదాన్ని నేనే. నా చేతికి తవుడు తిరిగి ఇస్తేగానీ బిడ్డ వాళ్ళది కాదు. బక్కమ్మ చాట తెచ్చి నా ముందు పెట్టింది. కళ్ళు కలపలేదు. నేను తవుడు కొంగులో పోయించుకుని, గుండు చేసిన బిడ్డను ఆమె చేతికిచ్చాను.

"నీ కొడుకును నువ్వు తీసుకో బక్కీ" అన్నాను. అప్పుడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

గొర్రెను కోశారు. ఊళ్ళో పెద్దలందరూ వచ్చారు. మైసయ్య కూడా వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. పండుగకు మళ్ళీ ఊరికొచ్చిన రఘుపతి అరుగు చివర నిలబడ్డాడు. కూర వడ్డిస్తున్న గుర్వయ్య మధ్యలో ఆగిపోయాడు. గరిటె గిన్నెలో పెట్టాడు.

"నేనొక మాట చెప్త. అందరు వినుండ్రి. ఐలేశం బావ ఇంటెన్క జాగల బావోల్ల నాయన మంద ఉంటుండె. నాకు బుద్ధి తెలిసినకాడ నుంచి చూస్తున్న. నా మేకలు గూడ గాడనే పండుతుండె. ముండ్లకంప నేనే కొట్టి తెచ్చిన. పిల్లల గూడు రాళ్ళు నేను, బావ కలిసి పేర్చినం. మైసయ్య పటేల్ అక్కడ అడుగు పెట్టంగ నేను ఎన్నడు చూడలే. ఇది నిజం."

వకీలు అడగాలనుకున్నవన్నీ వరుసగా చెప్పాడు. పెంటయ్య తల్లి చంకలో వేలు చప్పరిస్తున్నాడు. వాడికేమీ కాలేదు. "నిజమే, నిజమే" అని ముసలివాళ్ళు తల ఊపారు. మైసయ్య విస్తరిలోని ఎముక పక్కకు పెట్టి, "ఇప్పుడు గాదు గద గుర్వయ్యా గది చెప్పేది" అని మెల్లగా అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నేను రఘుపతి వైపు చూశాను. అతను తల దించుకుని అరుగు రాయి మీద గోటితో గీస్తున్నాడు.

మా ఆయన సగం తిని లేచాడు. చేయి కడుక్కుని, గుర్వయ్య భుజం మీద ఒకసారి చెయ్యి వేశాడు. "పొద్దుగూకుతుంది బావా, మంద కాడికి పోవాలె" అన్నాడు. గొంగడి భుజాన వేసుకుని, కర్ర తీసుకుని గుట్ట దారి పట్టాడు. మిగిలిన కూర ఆకులో కట్టుకుని, ఈదమ్మను ఎత్తుకుని ఊరి చివరి దాకా వెంటపోయాను. మూట అందించి, చీకటి పడేలోపు ఇంటికి చేరి గడియ పెట్టుకోవాలని వెనక్కి తిరిగాను.