మందు డబ్బాలోని చీటీ

జూలూరుపాడులో ముప్పై ఏళ్లుగా పురుగుమందులు అమ్ముతున్న వెంకటప్పయ్యకు, డిప్లొమా లేకపోతే లైసెన్సు ఉండదన్న నిబంధన విని ఒళ్లు మండింది. తిట్టుకుంటూనే ఏడాదిపాటు ఆదివారాలు క్లాసులో కూర్చున్నాడు.

ఆఖరి క్లాసు మర్నాడు రైతు హీరాలాల్ మిర్చి తోటకు మందు కొని, ఎప్పటిలాగే సీసా మూత తీసి వాసన చూడబోయాడు. ఘాటు ఉంటేనే మందని అతనికి నేర్పింది వెంకటప్పయ్యే. ఇప్పుడు ఆ వెంకటప్పయ్యే గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంది సేటు?"

"పీల్చకు. వాసన లేనిది కూడా ప్రాణం తీస్తుందంట."

సీసా వచ్చిన అట్టడబ్బాలోని చీటీ తీసి మడతలు విప్పాడు. కౌంటరు సగం నిండింది. ఎకరానికెంత కొట్టాలో, కొట్టాక ఎన్నాళ్లకు కాయ కోయాలో, విషమెక్కితే డాక్టరు ఏ విరుగుడు ఇవ్వాలో, అంతా తెలుగులోనే ఉంది.

"గిదంత ఎవరు రాపిచ్చిండ్రు?"

"చట్టం. నువ్వెవరో తెలియనోళ్లు నీ ఊపిరి గురించి ముందే ఆలోచించారు హీరాలాలూ." వెంకటప్పయ్య చీటీని అతని వైపు తిప్పాడు.

"మరి గిన్నేండ్లు నాకెందుకియ్యలే?"

ఇన్నేళ్లూ ఆ చీటీలు చెత్తలోకే పోయాయి. మొన్నటిదొకటి వెంకటప్పయ్య కాలి కిందే నలిగి ఉంది. వంగి తీసి, పుస్తకానికి కాలు తగిలినప్పుడు చేసినట్టే, కళ్లకద్దుకున్నాడు.