పొదుగులో ఉన్న పాలు

నోటి పరీక్ష జరిగే గదిలో కూర్చున్నానే గాని, నా మనసంతా ఇంట్లో అత్తయ్య కొనితెచ్చిన పాలడబ్బా మీదే ఉంది. పాపకి మూడో నెల. వారంగా నాకు పాలు పడటం లేదు. పాప రెండుసార్లు లాగి, ఏమీ రాక కోపంతో ఏడ్చేది. పాలిచ్చినంతసేపూ అత్తయ్య పక్కనే నిలబడి చూసేవారు.

"చదువు తలకెక్కి పాలు ఎండిపోయాయమ్మా. ఈ పరీక్షతో ఆపెయ్. బిడ్డకంటే ఎక్కువా?" అన్నారు పొద్దున. అత్తయ్య చెడ్డమనిషి కాదు, అదే నా బాధ. చెడ్డమనిషైతే మాటకి మాట అప్పజెప్పేదాన్ని. గంగిరెద్దులా తలూపి వచ్చేశాను. పాలు నిజంగానే పోయుంటే చదువు మానేద్దామనే అనుకున్నాను.

మనిషి శరీరం, జంతువుల శరీరం ఎలా పనిచేస్తాయో పోల్చి చదివే సబ్జెక్టు మాది. ప్రశ్నలడిగే మేడమ్ నవ్వితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటారు.

"కొత్తచోట కట్టేసిన ఆవు పాలివ్వదు. ఎందుకు? పాలు లేకనా?"

"లేక కాదు మేడమ్. పొదుగు నిండుగానే ఉంటుంది. దూడ మూతి తగిలితే మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వచ్చి పాలను కిందికి దింపుతుంది. ఆవు బెదిరితే అది ఆగిపోతుంది. అందుకే చేపదు, పాలు కిందికి వదలదు."

"ఆవుకేనా? మనిషికో?"

ఈ జవాబు నాకు ఎప్పటినుంచో కంఠతా వచ్చు. ఒక్కసారైనా నా ఒంటి గురించి అనుకోలేదు. తలకాయ ఉన్నది జడ వేసుకోవడానికేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"మనిషికీ అంతే మేడమ్," అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"సరైన జవాబు చెప్పి ఏడుస్తావేం?" అని విసుక్కుంటూ మార్కులు వేశారావిడ.

ఇంటికెళ్లి, చెప్పులైనా విప్పకుండా చెప్పాను. "అత్తయ్యా, పాలు ఎండిపోలేదు. భయపడితే దిగవు, అంతే."

ఆవిడ పాపని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నారు. "భయమా? పరీక్షంటేనా?"

అవునంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అనలేక తల దించుకున్నాను.

ఎవరంటే భయమో అత్తయ్యకి అర్థమైనట్టుంది. ఆవిడ ముఖం చూస్తే నాకే జాలేసింది. పాపని నా ఒళ్లో పడుకోబెట్టి, బయటికెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

మొదట ఏమీ రాలేదు. పాప గింజుకుంది. కాసేపటికి రొమ్ములో చురుక్కుమంది. వెంటనే ఒక గుటక, ఇంకో గుటక. నేను వెక్కివెక్కి ఏడ్చేశాను.

తలుపవతల నుంచి అత్తయ్య అడిగారు.

"మళ్లీ క్లాసులు ఎప్పట్నుంచమ్మా?"