ఆగకుండా నలభై నిమిషాలు

"ఎలాగూ తోట దాకా వెళ్తున్నావుగా, ఆ సంచీ పట్టుకెళ్ళు," అన్నాడు బసవపున్నారావు పేపర్లోంచి తల ఎత్తకుండా.

బుజ్జమ్మ గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. విజయవాడలో ఉద్యోగం చేస్తున్న కూతురు సాయి ప్రియ కొని పంపిన బూట్లవి. వాటిని మొదటిసారి చూసి, "చీర కింద బూట్లేంటే, సర్కస్‌లో చేరుతున్నావా?" అని నవ్వాడు మొగుడు. షుగరుకి నడక మంచిదని డాక్టరమ్మ చెప్పిందంటే, "పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటావు. అది నడక కాదా?" అన్నాడు. నిజానికి బుజ్జమ్మ కూడా డాక్టరమ్మతో ఆ మాటే అంది. "ఇంటి పనిలో అడుగడుక్కీ ఆగుతారమ్మా. రోజూ నలభై నిమిషాలు ఆగకుండా నడవాలి," అందావిడ. ఆగకుండా అన్న మాట బుజ్జమ్మకి వింతగా తోచింది. యాభై రెండేళ్ళలో తను ఆగకుండా చేసిన పనేదీ గుర్తుకు రాలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఎవరికో ఏదో అందించడానికి రెండుసార్లయినా లేస్తుంది.

అయినా నడవాలనుకుంది అమ్మని తలుచుకునే. జి. కొండూరులో అమ్మకి ఇదే జబ్బుతో చివరి రోజుల్లో కుడి పాదం తీసేశారు. ఇప్పుడు బుజ్జమ్మకీ అరికాళ్ళు మొద్దుబారుతున్నాయి. మొన్న పెరట్లో గుచ్చుకున్న ముల్లు సాయంత్రం కాళ్ళు కడుక్కునేదాకా తెలియనే లేదు.

పొద్దున్నే లేవడమే కష్టమంటారు అందరూ. ముప్పై ఏళ్ళుగా అయిదింటికి లేచే మనిషికి అదేం కష్టం! నడకని నడకలా ఉండనివ్వడమే కష్టమైంది. మొదటి వారం వచ్చేటప్పుడు పాలు తెమ్మన్నాడు ఆయన. తర్వాత బోరు మోటారు చూసి రమ్మన్నాడు. ఈదురుగాలులు మొదలయ్యాక చేతికి సంచీ వచ్చింది. రాలిన మామిడికాయని దాటిపోకూడదని పుట్టింట్లో, అత్తింట్లో ఒకటే పాఠం. ఆకుల మధ్య కాయ కనిపిస్తే చాలు, నడుము దానంతటదే వంగేది. రెండు నెలల తర్వాత రక్తపరీక్షలో షుగరు ఇంకాస్త పెరిగింది. "నడుస్తున్నారా?" అనడిగింది డాక్టరమ్మ. "రోజూనండీ," అంది. అబద్ధం చెప్పినట్టు లేదు, నిజం చెప్పినట్టూ లేదు.

ఆ పొద్దున సంచీ సగం నిండేసరికి తోట గట్టు మీద అచ్చమ్మ ఎదురైంది. పదేళ్ళుగా ఆ తోటలో రాలిన కాయలు ఏరే మనిషి.

"ఈ ఏడు రావటం లేదేంటి అచ్చమ్మా?"

"అయ్యగారే వద్దన్నారు కదండీ! 'మా ఇంటావిడ ఎలాగూ నడకకి వస్తోంది, ఏరుకొస్తుందిలే' అన్నారు." అచ్చమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏం నడకో అమ్మగారూ! నాకు కూలి పోయింది, మీకు నడుం పోయింది."

బుజ్జమ్మకి నవ్వు రాలేదు. తన నడక సాకుతో ఆయన ఒక మనిషి పని మాన్పించాడన్న సంగతి ఇన్నాళ్ళూ తనకి తెలియదు.

"బూటు తాడు ఊడిందండీ, పడతారు. ఇలా ఇవ్వండి," అంటూ అచ్చమ్మ బరువైన సంచీ అందుకుని, ఆమె తాడు కట్టుకునేదాకా పట్టుకుని నిలబడింది. సంచీ లేని చెయ్యి ఎంత తేలిగ్గా ఉంటుందో బుజ్జమ్మకి అప్పుడే తెలిసింది.

"రేపట్నించి నువ్వే రా. ఆయనకి నేను చెబుతాను."

అచ్చమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "ఇవాళ ముసునూరులో పనికి ఒప్పుకున్నానండీ. రేపొస్తా," అని సంచీని కొమ్మకి తగిలించి వెళ్ళిపోయింది.

బుజ్జమ్మ నడక మొదలుపెట్టింది. పది బారలు వెళ్ళగానే ఎదురుగా ధబ్బున ఓ చిన్నరసం కాయ రాలింది. తొడిమ దగ్గర సొన ఇంకా మెరుస్తోంది. నడుము వంగింది, చెయ్యి మోకాలి దాకా వెళ్ళింది. దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. కాయని దాటింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత లెక్కపెట్టలేదు.

ఇంటికొచ్చేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

"కాయలేవే?" అన్నాడు బసవపున్నారావు.

"తోటలోనే ఉన్నాయి. రేపట్నించి అచ్చమ్మ వచ్చి ఏరుతుంది."

"మరి నువ్వు వెళ్ళింది దేనికి?"

బుజ్జమ్మ గుమ్మంలో కూర్చుని, నెమ్మదిగా బూటు విప్పి, అరికాలిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నడవడానికండీ."