బల్ల మీద చిన్నవాళ్ళిద్దరూ

కండక్టరు తెల్లవారకముందే లేచి బస్సు డిపోకి వెళ్ళిపోతాడు. అతని భార్య మధ్యాహ్నం భోంచేసి బిస్కెట్ల ఫ్యాక్టరీకి బయల్దేరుతుంది. ప్యాకింగులో రెండో షిఫ్టు ఆమెది. అతను ఇల్లు చేరేసరికి ఆమె ఉండదు. ఆమె చేరేసరికి అతను గోడవైపు తిరిగి నిద్రపోతుంటాడు. పిల్ల పుట్టినప్పుడు ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండాలని పెట్టుకున్న ఏర్పాటు అది. పిల్ల ఎదిగింది, తాళం తీసుకుని తనే లోపలికి రాగలుగుతోంది. ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. మార్చాలంటే ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి, అదే కుదరలేదు.

పిల్లని అందరూ పిచ్చుక అంటారు. ఏది పెట్టినా ముక్కుతో ఏరుకున్నట్టు తింటుందని. సాయంత్రాలు నాన్న ఇంట్లోనే ఉంటాడు గానీ, ఉండీ లేనట్టే. రోజంతా బస్సులో నిలబడి వచ్చిన మనిషి, కుర్చీలో కూలబడి టీవీ ముందు కునికిపాట్లు పడుతుంటాడు. ఒకరోజు పొద్దున్న జడ వేయించుకుంటూ పిచ్చుక, "అమ్మా, సాయంత్రమయ్యేసరికి నీ మొహం సరిగ్గా గుర్తురావట్లేదు," అంది. ఏడుస్తూ చెప్పలేదు. పెన్సిలు అరిగిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఆమె చేతిలో జడ ఆగిపోయింది.

ఫ్యాక్టరీలో పక్కన నిలబడే ఆవిడ మనవడి కోసం ఇంట్లోనే ఒక బొమ్మ చేసిందట. పాత ఫోను తెర మీద నాలుగు ప్లాస్టిక్ ముక్కలు అతికించి పెడితే గాలిలో జింక గెంతుతుందట. ఏమంత పని కాదు, మన డబ్బాల మూతలు చాలు అని చెప్పింది. చొట్టపడిన పారదర్శకపు మూతలు ఫ్యాక్టరీలో ఎలాగూ పారేసేవే. ఆమె రెండు మూడు సంచీలో వేసుకొచ్చింది.

మొదటిసారి చేసింది ఎందుకూ పనికిరాలేదు. జిగురు మరకలు పడి, గాలిలో ఆమె మొహానికి బదులు మసక ముద్ద ఒకటి కనబడింది. రెండోసారి ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా అతకలేదు. సెలవురోజు తీరిగ్గా కూర్చుని, అట్టముక్క మీద కొలత గీసుకుని, కాల్చిన చాకుతో మూతలు కోసింది. నాలుగు ముక్కలనీ గరాటులా నిలబెట్టి, అంచుల్ని సన్నటి టేపుతో అంటించింది. వెనకాల ఏమీ కనబడకూడదు, నల్లగా ఉండాలి. అందుకని కండక్టరు నల్ల వానకోటుని గోడకి తగిలించి, దాని ముందు నిలబడి ఫోనులో వీడియో తీసుకుంది. ఆ వీడియోనే నాలుగు వైపులా నాలుగు వచ్చేలా ఫ్యాక్టరీ ఆవిడే చేసిపెట్టింది. పగుళ్ళు పట్టిన పాత ఫోను మీద గరాటు పెట్టి కిటికీ తలుపులు మూసేసరికి, దాని నడుమ జానెడు మనిషి నిలబడి ఉంది. జుట్టు వెనక్కి తోసుకుంటూ, "పిచ్చుకా, తిన్నావా?" అని అడుగుతోంది.

ఫోనులో చార్జింగ్ గంటసేపే ఉండేది. అయిపోయాక కూడా ఆ చిన్నామె పోలేదు. తెర నల్లబడింది, ఆమె మాత్రం గరాటులో అటూ ఇటూ తిరుగుతూ, పిచ్చుక లెక్కలు చేస్తుంటే తొంగి చూస్తూ, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవులిస్తూ ఉండిపోయింది. పైఇంటి మామ్మ పెరుగు తోడుకి వచ్చి చూసి, కరెంటు ఖర్చు కూడా లేదన్నమాట, నయమే అని తోడు పట్టుకుని వెళ్ళిపోయింది. కండక్టరు పక్కకి జరిపి కంచం పెట్టుకున్నాడు. అందరికీ అది ఇంట్లో ఇంకో మనిషి ఉండటమే.

మిగిలిన మూతతో పిచ్చుక వాళ్ళ నాన్నని కూడా చేసింది. అతను కుర్చీలో కూర్చునే వీడియోకి ఒప్పుకున్నాడు, లేచి నిలబడే ఓపిక లేదన్నాడు. అలా బల్ల మీద రెండు గరాటులు, రెండింట్లో ఇద్దరు.

అప్పటికే పెద్దవాళ్ళిద్దరూ విడిపోవడానికి నిశ్చయించుకున్నారు. గొడవేమీ లేదు. గొడవపడాలన్నా ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉండాలి. ఒక ఆదివారం గుమ్మం దగ్గర ఎదురుపడినప్పుడు, డిపో పక్కనే తోటి కండక్టరు గదిలో చోటుందనీ, నెలాఖరుకి అక్కడికి మారదామనుకుంటున్నాననీ అతను చెప్పాడు. పిల్లని చూడ్డానికి వస్తూంటానన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంటూ, "మీ ఇష్టం," అంది. బస్సు వెళ్ళిపోతుందని మెట్లు దిగేసింది. ఆ రోజంతా బిస్కెట్ పొట్లాలు సర్దుతూ, తనకి ఏడుపు ఎందుకు రావట్లేదా అని ఆలోచించింది. అలిసిపోయినవాళ్ళకి ఏడుపు కూడా వంతు ప్రకారమే వస్తుందేమో అనుకుంది.

ఫ్యాక్టరీ సెలవైన ఒక రోజు ఆమె ఒక్కతే ఇంట్లో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పిచ్చుక బడికి వెళ్ళింది. బల్ల మీంచి మాటలు వినబడ్డాయి. గరాటులు రెండూ ఎప్పుడు దగ్గరికి జరిగాయో, వాటి అంచులు తగులుకుని ఉన్నాయి. ఆమె చేతిలోని చొక్కాని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా విన్నది.

"వెళ్ళాలని నాకేం లేదు," అంటున్నాడు చిన్నతను. "ఉండమంటావేమోనని చెప్పి చూశాను."

"ఉండమనడానికి నాకు ఓపికేదీ?" అంది చిన్నామె. "వెళ్ళమనడానికి మనసూ రాలేదు. మీ ఇష్టం అన్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను."

"ఏమని?"

"పడుకుని లేచాక మాట్లాడుకుందాం అని."

చిన్నతను కుర్చీ చివరికి జరిగి చోటిచ్చాడు. వింటున్న ఆమె చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. అది అతనిదే. విన్నదంతా అతనికి చెప్పాలనుకుంది. అతను వచ్చే వేళకి ఆమెకే కళ్ళు మూతలు పడిపోయాయి.

నెలాఖరు ఆదివారం వచ్చింది. అతనికి సెలవు, ఆమెకి షిఫ్టు ఉంది. పెట్టె సర్దుకున్నాడు. ఆటో కింద ఆగి హారను కొట్టింది. సాయం చేస్తానని ఆమె పెట్టెకి ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ పెట్టెని నడిపించుకుంటూ బల్ల దాటబోతుంటే, పిచ్చుక పెదాల మీద వేలు పెట్టుకుని అడ్డం నిలబడింది.

"నెమ్మది నాన్నా. ఇప్పుడే పడుకున్నారు."

ఇద్దరూ వంగి చూశారు. ఒక గరాటు ఖాళీగా ఉంది. రెండో దాంట్లో, ఆ ఇరుకు కుర్చీలో ఇద్దరూ ఒదిగి కూర్చున్నారు. అతని తల ఆమె తల మీద వాలి ఉంది. నోరు కాస్త తెరుచుకుని, అచ్చం కునికిపాట్లు పడేటప్పుడు ఉండేలా ఉన్నాడు. ఆమె చెయ్యి అతని మోకాలి మీద ఉంది. ఎన్ని రాత్రుల నిద్రో ఒక్కసారిగా తీర్చుకుంటున్నట్టు గాఢంగా నిద్రపోతున్నారు.

పెట్టె కింద పెడితే చప్పుడవుతుంది. ఇద్దరూ దాన్ని గాలిలోనే పట్టుకుని, మెల్లగా, ఒక్కో మూలా తాకిస్తూ దించారు. కింద ఆటో మళ్ళీ హారను కొట్టింది. కండక్టరు కిటికీ వైపు నడిచి దాన్ని చప్పుడు కాకుండా మూశాడు. తిరిగొచ్చి గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు, వాళ్ళు లేచేదాకా ఆగుదామన్నట్టు. ఆమె గడియారం చూసుకుంది. ఇంకాసేపట్లో బయల్దేరాలి. అలాగే అనుకుంటూ అతని పక్కన తనూ కూర్చుంది.

గదిలో గాలి కూడా అడుగులో అడుగు వేస్తున్నట్టుంది. పిచ్చుక దుప్పటి తెచ్చి ఇద్దరి కాళ్ళ మీదా కప్పింది. కండక్టరు తల మెల్లగా ఒరిగింది. అది ఒరగడం ఆమె చూసింది. పెళ్ళయిన కొత్తలో సినిమాహాల్లో కూడా ఇలాగే ఒరిగేవాడని గుర్తొచ్చింది. నవ్వుకునేలోపే ఆమెకీ నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ సందుల్లోంచి పడే వెలుగు ఎర్రబడి ఉంది. ఫ్యాక్టరీ షిఫ్టు ఎప్పుడో మొదలైపోయింది. పిచ్చుక వంటింట్లో చప్పుడు కాకుండా గిన్నెలు కడగడానికి అవస్థపడుతోంది. కండక్టరు అప్పటికే లేచి, కదిలితే ఆమె లేస్తుందని భుజం అలాగే పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆటో?" అంది ఆమె.

"వెళ్ళిపోయినట్టుంది."

కాసేపు ఇద్దరూ పెట్టెవైపు చూశారు. రేపు ఇంకో ఆటో పిలవచ్చు. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

"పొద్దున షిఫ్టులో ఒకామె మానేస్తోంది," అంది ఆమె. "అడగమంటారా?"

అతను ఏమనాలో వెతుక్కుంటున్నాడని ఆమెకి అర్థమైంది. ఈసారి ఆమె చెప్పుల కోసం చూడలేదు.

"అడుగు," అన్నాడు చివరికి. తర్వాత పెట్టె దగ్గరికి జరిగి, తాళం తీసి, పైన పెట్టుకున్న దిండు బయటికి లాగాడు.